మిషన్ వచ్చింది, ఫర్మా రాలేదు

గృహప్రవేశం నాడు వేలితో తోస్తే తెరుచుకున్న తలుపు, ఏడాది తిరిగేసరికి భుజం పెట్టి నెడితే గానీ కదలదు. కింద గ్రానైటును గీకుతుంది, పైన గుమ్మానికి ఒరుసుకుంటుంది, గడియ దాని కన్నంలో పడనంటుంది. ఇంటాయన కర్రను తిడతాడు. ఇంటావిడ వానాకాలాన్ని తిడుతుంది. పిలిస్తే వచ్చిన వడ్రంగి ఇద్దరికీ తలూపి, ఒరుసుకుంటున్న అంచును నాలుగుసార్లు చిత్రిక పట్టి వెళ్లిపోతాడు. తప్పు చాలాసార్లు ఆ అంచున ఉండదు. అవతలి అంచున, మడతబందు రేకు కింద కొట్టిన గాడిలో ఉంటుంది. రేకు మందం మూడు మిల్లీమీటర్లయితే గాడి లోతూ మూడే ఉండాలి. నాలుగైతే ఒక జబ్బు, రెండైతే మరో జబ్బు.

గాడి లోతెక్కువైతే తలుపు పూర్తిగా మూతపడకముందే బందుల వైపు అంచు చట్రానికి ఆనుకుంటుంది. బలంగా నెడితే మూతపడుతుంది గానీ, ఆ బలమంతా స్క్రూల మీద పడుతుంది. చెయ్యి వదలగానే తలుపు వెనక్కి వస్తుంది. లోతు తక్కువైతే బందుల వైపు సందు పెరిగి, తాళం వైపు తలుపు గుమ్మాన్ని రాసుకుంటుంది. మూడు బందుల గాళ్లు మూడు లోతుల్లో ఉంటే మరీ కష్టం. మూడు బందుల ఊచలూ ఒకే గీత మీద నిలవవు. తలుపు తిరిగిన ప్రతిసారీ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. ఆ కీచుమనే చప్పుడుకు కొబ్బరినూనె వేసి సరిపెట్టుకునే ఇళ్లు లెక్కలేనన్ని.

చిన్న లెక్క చూస్తే సంగతి తేలిపోతుంది. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉన్న తలుపుకు పై బందుకూ కింది బందుకూ మధ్య సుమారు అయిదున్నర అడుగుల దూరం ఉంటుంది. పై బందు ఉండవలసిన చోటికంటే మూడు మిల్లీమీటర్లు బయటికి ఉంటే, తాళం వైపు మూల ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. తలుపు చుట్టూ వదిలే సందే రెండు మూడు మిల్లీమీటర్లు. సగానికి పైగా అక్కడే పోయింది. మిగిలింది వానాకాలం తింటుంది.

లోతెక్కువైన గాడికి మన దగ్గర ఒక సర్వరోగ నివారిణి ఉంది: అట్టముక్క. స్క్రూల డబ్బా చింపి, మడిచి, బందు కింద పెట్టి బిగిస్తారు. ఈ ఉపాయం మన దేశానికే పరిమితం కాదు, ఇంగ్లండ్ వడ్రంగులూ చేస్తారు. అయితే స్నానాలగది తలుపు బందు కింద పెట్టిన అట్ట ఎంతకాలం అట్టగా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఇదంతా వడ్రంగికి తెలియక జరగడం లేదు. ఒక తలుపుకు మూడు బందులు, ఒక్కో బందుకు చట్రంలో ఒక గాడి, తలుపులో ఒక గాడి, వెరసి ఆరు. స్నానాలగదుల ప్లాస్టిక్ తలుపులు వదిలేసినా ఫ్లాటుకు అయిదు కర్ర తలుపులు ఉంటే ముప్ఫై గాళ్లు. ఇరవై ఫ్లాట్ల చిన్న అపార్ట్‌మెంటుకు ఆరు వందలు. ఆరు వందల సార్లు ఉలి పట్టి, సుత్తితో కొట్టి, ప్రతిసారీ మూడే మిల్లీమీటర్లు దించగల చెయ్యి ఉండవచ్చు. కానీ తలుపుకు ఇంత అని గుత్తకు మాట్లాడుకుని, సాయంత్రానికి ఇన్ని తలుపులు ఎక్కించాలని మేస్త్రి నెత్తిన నిలబడితే, ఆ చెయ్యి కూడా మధ్యాహ్నానికి అలసిపోతుంది. నాలుగో అంతస్తులో తలుపులు మొదటి అంతస్తు తలుపుల్లా ఉండకపోవడానికి కారణం ఇది.

పరిష్కారం కొత్తదేమీ కాదు. గాడి ఆకారంలో ఒక ప్లైవుడ్ ముక్కలో కిటికీ కోసి, ముందే ఫర్మా తయారుచేసుకుని, దాన్ని చట్రానికి బిగించి, ఆ కిటికీ అంచుల వెంట రౌటర్ మిషన్‌ను నడిపించడం. ఇంటర్నెట్ డబ్బాకూ ఈ రౌటర్‌కూ సంబంధం లేదు. ఇది నిమిషానికి పది వేల నుంచి ముప్ఫై వేల చుట్లు తిరిగే బిట్టుతో కర్రను చెక్కే మిషన్. దాని తమ్ముడు ట్రిమ్మర్. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇంటీరియర్ పని చేసే దాదాపు ప్రతి వడ్రంగి సంచిలోనూ ట్రిమ్మర్ ఉంది. సన్‌మైకా అంచులు సరిచేయడానికి కొన్నారు. రెండు మూడు వేలకే దొరుకుతుంది. ఆ ట్రిమ్మర్‌నే ఇప్పుడు బందుల గాళ్లకూ వాడుతున్నారు. ఎలా? పెన్సిల్‌తో గీత గీసి, గీత వెంట చేతి అందాజాతో.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఉలికి ఒక మర్యాద ఉంది. తప్పు చేస్తే ఒక్కో పెచ్చు చొప్పున చేస్తుంది, ఆగి చూసుకునే వ్యవధి ఇస్తుంది. ట్రిమ్మర్‌కు ఆ ఓపిక లేదు. చెయ్యి కాస్త వణికితే రెప్పపాటులో గీత దాటి అయిదు మిల్లీమీటర్లు తినేస్తుంది. తర్వాత లప్పం, పాలిష్. దారి చూపే ఫర్మా లేకుండా మిషన్ ఇవ్వడం వల్ల పని వేగం పెరిగింది, పనితనం మాత్రం ఉలి నాటికంటే కింద పడింది. పల్లెలో పాత పెంకుటింటి టేకు తలుపుకు తాత చేత్తో కొట్టిన గాడిని, నగరంలో కొత్త ఫ్లాటు తలుపుకు ట్రిమ్మర్‌తో కోసిన గాడిని పక్కపక్కన పెట్టి చూసినవారెవరికైనా ఇది తెలుస్తుంది.

ఫర్మా చేయడానికి కావలసింది పన్నెండు మిల్లీమీటర్ల ప్లై ముక్క, అరపూట ఓపిక, కాస్త కూడిక తీసివేత. ట్రిమ్మర్ అడుగున గైడ్ బుష్ అనే చిన్న లోహపు గొట్టం బిగిస్తారు. బుష్ ఫర్మా అంచుకు ఆనుకుని నడుస్తుంది; బిట్టు దాని లోపల తిరుగుతుంది. బుష్ బయటి వ్యాసం పది మిల్లీమీటర్లు, బిట్టు వ్యాసం ఆరు అనుకుంటే తేడా నాలుగు, అందులో సగం రెండు. అంటే కోత ఎప్పుడూ ఫర్మా అంచుకు రెండు మిల్లీమీటర్లు లోపలే పడుతుంది. కాబట్టి నూరు మిల్లీమీటర్ల పొడవు, ముప్ఫై వెడల్పు గాడి కావాలంటే ఫర్మాలో కిటికీ నూటనాలుగు పొడవు, ముప్ఫైరెండు వెడల్పు ఉండాలి. వెడల్పుకు రెండే ఎందుకు కలిపామంటే ఒక వైపు గాడి బయటికి తెరిచే ఉంటుంది. ఈ లెక్క కూడా వద్దనుకునేవారికి పైన బేరింగ్ ఉన్న బిట్టు దొరుకుతుంది. బేరింగూ బిట్టూ ఒకే వ్యాసంలో ఉంటాయి గనుక ఫర్మా కిటికీ గాడికి సరిసమానంగా ఉంటే చాలు.

లోతుకు కొలబద్ద అక్కర్లేదు. పనికిరాని చెక్క మీద ఒకసారి కోసి, బందు రేకును అందులో కూర్చోబెట్టి, పైన వేలు జరిపితే చాలు. వేలికి మెట్టు తగిలితే లోతు సరిచేసి మళ్లీ కోయాలి. ఒకసారి కుదిరాక ఆ సెట్టింగును ఎవరూ ముట్టుకోకూడదు.

కొలతలు బందును చూసే తీసుకోవాలి, డబ్బా మీది అంకెను చూసి కాదు. ఉక్కు మడతబందులకు ఐఎస్ 1341, ఇత్తడి వంటి ఇనుమేతర లోహాల బందులకు ఐఎస్ 205 అని మన దేశంలో ప్రమాణాలు ఉన్నాయి. అయినా దుకాణంలో నాలుగంగుళాల బందు అని అడిగితే ఒక్కో కంపెనీది ఒక్కో వెడల్పు, ఒక్కో మందం. ఇంటికి కావలసిన బందులన్నీ ఒకే కంపెనీవి ఒకేసారి కొని, వాటిలో ఒకదాన్ని పెట్టి ఫర్మా చేస్తే ఆ ఇంటివరకు గొడవ ఉండదు. సగం ముందు, సగం తర్వాత కొనే ఇంటివాళ్లకు ఫర్మా కూడా ఏమీ చేయలేదు.

మన గుమ్మాల దగ్గర మరో పేచీ ఉంది. అమెరికాలో ఎక్కువగా చట్రం పలక నున్నగా, చదునుగా ఉంటుంది; తలుపు ఆగే పట్టెను తర్వాత విడిగా కొడతారు. మన చట్రాన్ని నిండు దుంగలోంచే మెట్టు తీసి చేస్తారు, తలుపు ఆ మెట్టులో కూర్చుంటుంది. అక్కడ పల్చటి ఫర్మా పెడితే ట్రిమ్మర్ అడుగు పలక మెట్టుకు తగిలి నిలబడదు. యూట్యూబ్‌లో విదేశీ వీడియో చూసి ప్రయత్నించి, ‘ఇది మనకు పనికిరాదు’ అని వదిలేసినవాళ్లకు అడ్డుపడింది ఈ మెట్టే. మెట్టు లోతు అరంగుళం ఉన్నచోట ఫర్మాను కూడా దాదాపు అంతే మందం, అంటే పన్నెండు మిల్లీమీటర్ల ప్లైతో చేస్తే, అది మెట్టులో కూర్చుని పై పలకతో సమమవుతుంది. మిషన్ రెండింటి మీదా నిలకడగా జారుతుంది. బిట్టు కాస్త పొడవుది తీసుకోవాలి, అంతే.

ఇంకొక మంచి అలవాటు కూడా పాత వడ్రంగులదే. బందుల స్థానాలన్నీ గుర్తుపెట్టిన ఒకే పొడవాటి బద్ద. ఇంగ్లండ్‌లో పైనుంచి ఆరంగుళాలు, కిందినుంచి తొమ్మిది అంగుళాలు వదలడం వాడుక. అమెరికాలో ఏడు, పదకొండు. మన దగ్గర మేస్త్రికొక లెక్క. ఏ లెక్కయినా ఫరవాలేదు గానీ ఇంటిమొత్తానికి ఒకటే ఉండాలి, కొలత ఎప్పుడూ పైనుంచే మొదలవ్వాలి. ఎందుకంటే మన ఇళ్లలో గుమ్మాలు నిలబెట్టిన చాలా నెలలకు గానీ నేల మీద టైల్సు పడవు. నేల ఎంత ఎత్తు లేస్తుందో ఆనాటికి ఎవరికీ తెలియదు. పైనుంచి కొలిస్తే నేల ఎక్కడికి వచ్చినా తలుపు అడుగు మాత్రమే కోసుకుంటే సరిపోతుంది, గాళ్లు చెక్కుచెదరవు.

చేతి పనిముట్టు నుంచి ఇక్కడిదాకా వచ్చిన చరిత్ర కూడా ఆసక్తికరమే. గాడి అడుగును సమంగా చెక్కే చేతి రౌటర్‌ను స్టాన్లీ కంపెనీ నెంబర్ 71 పేరుతో 1880లలోనే అమ్మింది. అది నేటికీ చక్కగా పనిచేసే పనిముట్టు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని సిరక్యూస్‌లో ఆర్.ఎల్. కార్టర్ అనే ఆయన చేతపట్టే విద్యుత్ రౌటర్‌ను తయారు చేశాడు. 1929లో ఆ వ్యాపారాన్ని స్టాన్లీయే కొనేసింది. బందుల గాళ్ల కోసం ప్రత్యేకమైన లోహపు ఫర్మాలు మిషన్ వెంటే వచ్చాయి. మూడు కిటికీలు, వాటిని కలిపే పొడవాటి పట్టీలు, తలుపుకూ చట్రానికీ అదే ఫర్మా. అక్కడ మిషన్‌నూ ఫర్మానూ ఎవరూ విడదీసి చూడలేదు.

అంతేకాదు, మిషన్‌కు తగ్గట్టు బందునే మార్చుకున్నారు. గుండ్రంగా తిరిగే బిట్టు నలుచదరపు మూలను కోయలేదు. మూలలో కాస్త గుండ్రం మిగులుతుంది. అందుకే అమెరికా ఇళ్లలో మూలలు గుండ్రంగా తీసిన బందులు సర్వసాధారణం. పావు అంగుళం, అయిదు బై ఎనిమిది అంగుళాల వ్యాసార్ధాల్లో దొరుకుతాయి. బిట్టు కోసిన గాడిలో బందు నేరుగా కూర్చుంటుంది. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి చదరపు మూలలవే. కాబట్టి ప్రతి గాడిలో రెండు మూలలు ఉలితో సరిచేయక తప్పదు. ఆ రెండు మూలల కోసమైనా ఉలి పదునుగా ఉంచుకోవాలన్నది ఒక లాభం అనుకోవచ్చు. కానీ వందల ఫ్లాట్లు కట్టే బిల్డర్లు గుండ్రటి మూలల బందులు కావాలని గట్టిగా అడిగితే తయారీదారులు చేయకపోరు.

‘అన్నీ ఫర్మాతో కోసేస్తే వడ్రంగి చేతిలో నేర్పేముంటుంది?’ అనే ప్రశ్న మర్యాదగా జవాబు చెప్పదగినది. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో పాఠాలు చెప్పిన డేవిడ్ పై అనే ఆయన 1968లో పనితనం మీద రాసిన పుస్తకంలో పనితనాన్ని రెండుగా విడదీశాడు. ఒకటి, చివరి క్షణం దాకా చెడిపోయే అపాయం పొంచి ఉన్న పని. రెండోది, మొదలుపెట్టక ముందే ఫలితం ఖాయమైపోయిన పని. ఫర్మా మొదటి రకం పనిని రెండో రకంవైపు జరుపుతుంది. అపాయం దాంతో మాయమైపోదు, ఆరు వందల గాళ్ల నుంచి వచ్చి ఒక్క ఫర్మాలో చేరుతుంది. ఆ ఒక్కటి చేసేటప్పుడు మూలమట్టం, కొలత, లెక్క అన్నీ అక్షరాలా సరిగ్గా ఉండాలి. లేకపోతే తప్పు కూడా అచ్చుగుద్దినట్టు ఆరు వందల చోట్లా పడుతుంది. నేర్పు లేనివాడు చేయగలిగిన పనేనా ఇది?

పైగా ఫర్మా చేయలేనివి చాలా ఉన్నాయి. మెలితిరిగిన పాత చట్రాన్ని, అరిగిన గడపను, రెండు అంచులూ సమంగా లేని తాతలనాటి తలుపును చూసి ఏ బందు ఎంత లోపలికి పోవాలో చెప్పగలిగేది అనుభవమున్న కన్నే. అలాంటి ఇంట్లో ట్రిమ్మర్‌ను సంచిలోనే ఉంచి ఉలి తీయాలి. నిలువున లేని గుమ్మాన్నీ ఫర్మా బాగుచేయలేదు. మనవాళ్లు ముహూర్తం పెట్టించి, పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడి తోరణం కట్టి, వడ్రంగికి కొత్తబట్టలు పెట్టి మరీ దర్వాజా ఎత్తిస్తారు. అంత వేడుకలోనూ తూకం గుండు రెండు దిక్కులా వేసి, రసమట్టం పైకమ్మీ మీద పెట్టి చూసే అయిదు నిమిషాలు మాత్రం ఎవరికీ దొరకవు. ఒరిగిన చట్రానికి ఎంత చక్కటి గాడి కోసినా తలుపు తనంతట తాను తెరుచుకుంటూనో మూసుకుంటూనో ఉంటుంది.

గాడి సరిపోయాక పని చెడేది స్క్రూల దగ్గర. కన్నం వేయకుండా స్క్రూను సుత్తితో ముప్పావు వంతు దిగగొట్టి, చివరి రెండు చుట్లు తిప్పి వదిలేయడం మన పనిస్థలాల్లో రోజూ కనిపించే దృశ్యం. స్క్రూ మరలు పట్టుకోవలసిన కర్ర పీచు అప్పటికే తెగిపోయి ఉంటుంది. ఇలా బిగించిన బందు మేకుతో కొట్టినదానికంటే ఏమంత మెరుగు కాదు. ఫర్మా పుణ్యమా అని ఆదా అయిన సమయంలో పావు వంతు సన్న డ్రిల్లుతో కన్నాలు వేయడానికి ఖర్చుపెట్టినా తలుపు ఆయుష్షు పెరుగుతుంది.

ప్రాణాల సంగతి కూడా చెప్పుకోవాలి. ట్రిమ్మర్లకు ఆరు మిల్లీమీటర్ల కాడ ఉన్న బిట్లూ, పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల కాడ ఉన్నవీ రెండూ బజార్లో దొరుకుతాయి. కాడను పట్టి ఉంచే కాలెట్ పెద్దదై, కాడ చిన్నదైతే పట్టు చాలదు. ముప్ఫై వేల చుట్ల వేగంలో అది ఊడివస్తే ఎటు పోతుందో చెప్పలేం. ఫర్మా కిటికీలోపల మిషన్‌ను గడియారం ముల్లు తిరిగే వైపే నడపాలి. ఎదురు నడిపితే చేతిలోంచి లాక్కుపోతుంది. బిట్టు మార్చేముందు ప్లగ్గు తీయడం, కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. కర్ర పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. మన వడ్రంగి ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే అదే గొప్ప. ప్లగ్గు లేని తీగలు సాకెట్‌లో గుచ్చి, అగ్గిపుల్లలతో బిగించి పని చేయించే సైటు యజమానికి ఇవేవీ తెలియవని ఎలా అనుకోవాలి?

ప్రభుత్వాలు చేతివృత్తులకు ఏమీ చేయలేదనలేం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొంభైల చివర్లో ‘ఆదరణ’ పథకం కింద వృత్తిదారులకు పనిముట్లు పంచారు. 2018లో రెండో విడత వచ్చింది. 2023 సెప్టెంబరు 17న కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఇ-వోచర్, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి, అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, కావాలంటే పదిహేను రోజుల పైస్థాయి శిక్షణ ఇందులో భాగం. పనిముట్టు పంచితే ఫొటో వస్తుంది, ఫర్మా నేర్పితే రాదు. అందుకే ఇలాంటి పథకాల విజయాన్ని ఎన్ని కిట్లు ఇచ్చామన్న లెక్కతో కొలుస్తారు. ఆ వారం శిక్షణలో ఒక్క పూట, ప్రతి వడ్రంగి చేతా తన సొంత బందుకు తన సొంత ఫర్మా చేయించి ఇంటికి పంపితే, ఇచ్చిన మిషన్‌కు అర్థం ఉంటుంది. ఐటీఐల వడ్రంగం తరగతుల్లోనూ ఇది ఒక పరీక్షాంశం కావాలి: ఒక ఫర్మా, రెండు గాళ్లు, వేలు జరిపితే మెట్టు తగలకూడదు.

బిల్డర్లు కూడా తలుపుకింత అని గుత్తకు ఇచ్చి చేతులు దులుపుకోకుండా, ఫర్మా చేయడానికి పట్టే అరపూటకు విడిగా కూలి కట్టాలి. ఆ కూలి ఎగ్గొడితే తర్వాత చిత్రిక పట్టడానికీ, రంగు మళ్లీ వేయడానికీ అంతకు పది రెట్లు పెట్టాల్సి వస్తుంది. ఫ్యాక్టరీలో గాళ్లు కోసి, బందులు బిగించి, చట్రంతో సహా దించే తలుపులు పెద్ద టవర్లకు ఎప్పుడో వచ్చేశాయి. స్థానిక వడ్రంగికి ఈ ఫర్మా విద్య రాకపోతే మిగిలిన పనీ వాటికే పోతుంది.

ఇల్లు కట్టిస్తున్నవారు చేయగలిగింది ఒకటుంది. మొత్తం తలుపులు ఎక్కించేలోపు ఒక్క తలుపు నమూనాగా బిగించమనండి. బందు అంచు మీద గోరు జరపండి, ఎక్కడా ఆగకూడదు. తలుపును సగం తెరిచి వదలండి, వదిలినచోటే నిలవాలి. ఒక స్క్రూ తీసి చూపించమనండి. తిప్పితే రావాలి, లాగితే రాకూడదు. ఈ మూడూ కుదిరాకే రెండో తలుపుకు సరేననండి.